మంచుపువ్వుకి ఆరే రెక్కలు

డిసెంబరు వచ్చిందంటే చాలు, చిన్నపిల్లల బళ్ళలో దూదితో మంచుమనిషి, తెల్లకాగితంతో మంచుపువ్వు తయారవుతాయి. తెల్లవారి పొగమంచు తప్ప మరో మంచు ఎరగని మన పిల్లలకి ఇదంతా ఎందుకని విసుక్కునేవాళ్ళున్నారు. నాకు ఆ విసుగు లేదు. కాగితం మడిచి కత్తిరించడం ఫ్రోబెల్ 1837లో జర్మనీలో పసిపిల్లలకి బడి పెట్టిన కాలం నుంచీ వస్తున్నదే, చేతివేళ్ళకి మంచి పని. నా పేచీ అల్లా రెక్కల దగ్గరే. కాగితాన్ని సగానికి సగం మడుచుకుంటూ పోతే నాలుగో ఎనిమిదో రెక్కలొస్తాయి. అసలు మంచుపువ్వుకి ఉండేవి ఆరు.

ఆ ఆరింటి కోసం జీవితం ధారపోసినాయన ఒకరున్నారు. విల్సన్ బెంట్లీ. అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో, జెరికో అనే ఊళ్ళో 1865లో రైతుబిడ్డగా పుట్టాడు. తల్లి ఒకప్పుడు బడిపంతులమ్మ. కొడుక్కి చాలాకాలం ఇంట్లోనే చదువు చెప్పింది. పదిహేనో ఏట తన పాత మైక్రోస్కోపు చేతికిచ్చింది. పిల్లాడు మంచురేకుల్ని అందులో చూస్తూ బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. గీత పూర్తయ్యేలోపే రేకు కరిగిపోయేది! అలా కొన్ని చలికాలాలు గడిచాయి. తండ్రికి ఇదంతా పనికిమాలిన వ్యవహారంలా కనిపించింది. అయినా చివరికి కెమెరా కొనిచ్చాడు. పాడిపశువులున్న ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. ఆ ఇంట్లో ఎవరు ఎవరికి నచ్చజెప్పి ఉంటారో మనం ఊహించుకోగలం.

1885 జనవరి 15న మంచురేకు ఫోటో సరిగ్గా వచ్చింది. అప్పటికి అతనికి ఇంకా ఇరవై నిండలేదు. నిప్పు లేని చల్లటి కొట్టంలో నిలబడి, నల్లటి పలక మీద రేకుల్ని పట్టి, చీపురుపుల్లతో ఎత్తి, పక్షి ఈకతో గాజు మీద సర్దేవాడు. ఊపిరి తగిలితే కరుగుతుందని ఊపిరి బిగబట్టేవాడు. అలా ఐదువేలకు పైగా తీశాడు. రెండువేల నాలుగువందలకు పైగా ఫోటోలతో పుస్తకం 1931లో వచ్చింది. ఆ డిసెంబరులోనే ఆయన పోయాడు.

ఇంట్లో చేయించాలంటే గుండ్రటి కాగితాన్ని సగానికి మడవండి. ఆ సగాన్ని మూడు సమభాగాలుగా మడిచి, మళ్ళీ ఒక్కసారి సగానికి మడిచి కత్తిరించండి. ఆరు రెక్కలూ వస్తాయి. పిల్లలకి మూడు భాగాల మడత కాస్త కష్టం, అది మాత్రం మనమే వేసివ్వాలి.

కత్తెర పట్టలేని పసివాళ్ళకి మన ధనుర్మాసం ముగ్గే ఉంది. సందు చుక్కలు ఏడు నుంచి నాలుగు వరకు పెట్టి చూడండి, ఆ చుక్కలే ఆరు మూలలుగా నిలబడతాయి. మధ్యచుక్క నుంచి మూలకో గీత చొప్పున లాగి, గీత గీతకీ చిన్న కొమ్మలు వేయమనండి. నల్లటి పలక, సుద్దముక్క ఉంటే చాలు. ఇది కరగదు కనక తాపీగా వేసుకోవచ్చు.