ఇంటి కంప్యూటరు తొలినాళ్లు

కంప్యూటరు అనగా మొదట గదినిండ పట్టు యంత్రము. ప్రభుత్వములు, విశ్వవిద్యాలయములు, పెద్ద వ్యాపారసంస్థలు మాత్రమే దానిని కొనగలిగెడివి. అట్టిది సామాన్య గృహస్థుని యింట బల్లమీదికి వచ్చిన విధమును, ఆ కాలమున ఇంగ్లాండులో బాలుడనై యుండుటచేత, నేను కన్నులార చూచితిని. మా తండ్రిగారు తెలుగుదేశమునుండి వైద్యవృత్తికై అచ్చటికి పోయినవారు.

1980లో క్లైవ్ సింక్లెయిర్ అను నాతడు జెడ్ ఎక్స్ 80 అను చిన్న యంత్రమును నూరు పౌనులకు లోపుగా అమ్మెను. మరుసటి యేట వచ్చిన జెడ్ ఎక్స్ 81 వెల 69 పౌనుల 95 పెన్నీలు. విడిభాగములు కొని యింట కూర్చుకొనువారికి 49 పౌనుల 95 పెన్నీలే. దాని జ్ఞాపకశక్తి వేయి పైచిలుకు అక్షరములు, అనగా ఒక చిన్న ఉత్తరము పట్టునంత. 1982 ఏప్రిలులో వచ్చిన స్పెక్ట్రమునకు, 175 పౌనుల రకమున, అంతకు 48 రెట్లు గలదు. మా యింటికి వచ్చినది యిదియే.

దానికి వేరుగ తెర లేదు. ఇంటిలోని టెలివిజనే తెర. ప్రోగ్రాములు దాచుటకు పాటలు వినెడి టేపురికార్డరే భాండాగారము. యంత్రము తన అక్షరములను కీచుమను ధ్వనిగా మార్చి టేపుపై వ్రాయును. మరల ఆ ధ్వనిని విని గ్రహించును. పెద్ద ప్రోగ్రామును వినుటకు ఐదు నిమిషముల వరకు పట్టెడిది. నడుమ స్వల్పదోషము కలిగెనా, మొదటినుండి మరల వినవలసినదే. ప్రోగ్రాము ధ్వనియే గనుక రేడియోయు దానిని మోయగలదు. నెదర్లాండు రేడియోవారు ఆ దినములలో ప్రోగ్రాములను ప్రసారము చేయగా, శ్రోతలు టేపుపై పట్టుకొని తమ యంత్రములకు వినిపించిరి.

మా యింట టేపులకు వేరొక పనియు నుండెను. టెలిఫోనులో మాటలాడుట మిక్కిలి ఖరీదైన ఆ రోజులలో మా అమ్మమ్మగారు కృష్ణాతీరమునుండి క్షేమసమాచారములను టేపులో పలికి పంపెడివారు. క్రొత్త టేపులు కొనుటకు నాయొద్ద కాసులు లేవు. నా కన్ను ఆ టేపులపై పడుట చూచి మా తల్లిగారు ఒక్కొక్కదాని వెనుకనుండు చిన్న ప్లాస్టిక్కు రెక్కను కత్తెరమొనతో విఱిచివేసిరి. ఆ రెక్క లేని టేపుపై రికార్డరు క్రొత్తది వ్రాయదు. "నీ లెక్కలు మళ్లీ రాసుకోవచ్చు నాయనా, అమ్మమ్మ గొంతు మళ్లీ రాదు" అనిరి. ఆమెకు కంప్యూటరు తెలియదు. ఏది నిలుపవలెనో తెలియును. ఆ టేపులు నేటికిని మాయొద్ద నున్నవి. నా ప్రోగ్రాములలో ఒక్కటియు మిగులలేదు.

విద్యుత్తు తగిలింపగనే ఆ యంత్రము ఆజ్ఞకై వేచియుండెడిది. పిల్లలు పత్రికలలో అచ్చైన బేసిక్ భాషా ప్రోగ్రాములను అక్షరమక్షరము కొట్టి, తప్పులు దిద్ది, విద్య నేర్చిరి. 1982 జనవరిలో బి.బి.సి. వారు టెలివిజనులో కంప్యూటరు పాఠములు మొదలిడిరి. వానికి తోడుగా కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ బి.బి.సి. మైక్రోను నిర్మించెను. 1984లో భారతప్రభుత్వము పాఠశాలలలో కంప్యూటరు విద్య నారంభించినప్పుడు ఎన్నుకొన్నదియు దానినే. ఆ సంస్థయందే సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ అనువారు రూపించిన ఆర్మ్ అను గణనభాగము 1985లో మొదట పనిచేసెను. నేడు మీ మనుమల చేతులలోని ఫోనులలో దాదాపు అన్నిటియందును ఆ వంశపు భాగమే యున్నది.

వంశము ఒకటియైనను స్వభావము మాఱినది. పాత యంత్రము బాలుని "ఏమి చేయింతువు?" అని అడిగెడిది. ఫోను "ఏమి చూచెదవు?" అని అడుగుచున్నది. చేయించు విద్య దానిలోను గలదు, వెదకినవారికి దొరకును. కావున పెద్దలు పిల్లల చేతినుండి ఫోనును లాగికొనుటకంటె, దానిచే ఒక లెక్క చేయించి చూపుమని అడుగుట మేలు. అడుగువారుండిన నేర్చువారుందురు.