టేలర్ ఓడ, మా బావమరిది డ్రోను

మొన్న వేసవిలో మా బావమరిది ఒక కెమెరా డ్రోను కొన్నాడు. "బావగారూ, మీరు సాఫ్ట్‌వేరు కదా, మీరే ఎగరెయ్యండి" అన్నాడు. సాఫ్ట్‌వేరు వాడికి ప్రింటరు దగ్గర్నుంచి ఇన్వర్టరు దాకా అన్నీ వచ్చని మనవాళ్ళకో నమ్మకం. నేనూ కాదనలేదు లెండి.

మేడ మీద స్లాబు మీద పెట్టాను. దిక్సూచి కాలిబ్రేట్ చెయ్యమని యాప్ అడిగింది. వాటర్ ట్యాంకు ఇనప నిచ్చెన పక్కనే నిలబడి, డ్రోనుని చేత్తో అటూ ఇటూ తిప్పి, ఆకుపచ్చ టిక్కు రాగానే లేపేశాను. ఇరవై అడుగులు లేచి కదలకుండా నిలబడాల్సింది, చిన్న గుండ్రం తిరిగింది. తర్వాత ఇంకాస్త పెద్ద గుండ్రం. మూడో గుండ్రానికి పక్కింటివాళ్ళ ట్యాంకుని గుద్దుకుని రెండు రెక్కలు విరగ్గొట్టుకుంది. గాలి వల్ల అనుకుందామంటే ఆ పూట ఆకు కదల్లేదు.

ఆ రాత్రి కూర్చుని వెతికితే తెలిసింది, ఈ జబ్బుకి పేరు కూడా ఉందని: టాయిలెట్ బౌల్. ఫ్లష్ చేస్తే నీళ్ళు తిరిగినట్టు తిరుగుతుంది కాబట్టి. సంగతి ఏమిటంటే, డ్రోను ఎక్కడుందో జీపీఎస్ చెబుతుంది కానీ ముక్కు ఎటు ఉందో చెప్పదు. అది చెప్పాల్సింది దిక్సూచి. "నువ్వు రెండు మీటర్లు తూర్పుకి జరిగావు" అని జీపీఎస్ అంటే డ్రోను పడమటికి పోవాలి. కానీ దిక్సూచి నలభై డిగ్రీలు తప్పు చెబుతుంటే, అది పడమర అనుకుని ఏ నైరుతికో పోతుంది. మళ్ళీ సరిచేసుకోబోతుంది, మళ్ళీ పక్కకి పోతుంది. అదే గుండ్రం. తప్పు తొంభై డిగ్రీలు దాటిందా, సరిచేసుకునే కొద్దీ ఇంకా దూరం పోతుంది. కోడ్ శుభ్రంగా ఉంది, ఇన్‌పుట్ చెత్త. మనకి కొత్తేం కాదు.

నాకు కొత్తగా అనిపించింది వేరే. ఈ బగ్ వయసు రెండు వందల ఏళ్ళకి పైనే.

1801లో మాథ్యూ ఫ్లిండర్స్ అనే ఇంగ్లీషు నావికుడు ఇన్వెస్టిగేటర్ అనే ఓడలో ఆస్ట్రేలియా తీరం కొలవడానికి బయల్దేరాడు. ఓడ ముఖం తిరిగితే చాలు, దిక్సూచి లెక్క మారిపోవడం గమనించాడు. తూర్పుకి తిరిగితే ఒకవైపు తప్పు, పడమటికి తిరిగితే రెండోవైపు. భూమధ్యరేఖ దాటితే ఆ తప్పు కూడా తిరగబడింది. కారణం ఓడలోని ఇనుమేనని తేల్చాడు. తిరుగు ప్రయాణంలో ఫ్రెంచివాళ్ళు మారిషస్‌లో పట్టుకుని ఆరేళ్ళకి పైగా ఉంచేశారు. అక్కణ్ణుంచి పంపిన వ్యాసం 1805లో రాయల్ సొసైటీ అచ్చేసింది. బగ్ రిపోర్ట్ అంటే అదీ.

ఆయనది చెక్క ఓడ. తర్వాత మొత్తం ఇనుముతోనే కట్టడం మొదలెట్టేసరికి అసలు తలనొప్పి వచ్చింది. 1838లో జార్జ్ ఎయిరీ, అప్పటి రాజ ఖగోళ శాస్త్రవేత్త, రెయిన్‌బో అనే ఇనప స్టీమరుని రేవులో గుండ్రంగా తిప్పి, ఒక్కో దిక్కుకి ఎంత తప్పుందో కొలిచి, దిక్సూచి దగ్గర అయస్కాంతాలూ ఇనప ముక్కలూ పెట్టి ఆ తప్పుని కొట్టేశాడు. డ్రోనుని చేత్తో తిప్పుతామే, సరిగ్గా అదే పని. కాకపోతే ఓడని చేత్తో ఎత్తలేం.

పద్ధతి బాగుంది, రేవుల్లో పాకిపోయింది. 1854 జనవరి 19న టేలర్ అనే కొత్త ఇనప ఓడ, దిక్సూచులు ఇలాగే సరిచేయించుకుని, ఆస్ట్రేలియాకి వలసపోయే జనంతో లివర్‌పూల్‌లో బయల్దేరింది. అదే మొదటి ప్రయాణం. మంచు, తుఫాను. ఓడలో దిక్సూచులు ఒకదానితో ఒకటి పొసగలేదు. దక్షిణానికి పోతున్నాం అనుకున్నారు, పోతున్నది పడమటికి. రెండు రోజులకి డబ్లిన్ దగ్గర లాంబే దీవి రాళ్ళకి కొట్టుకుంది. మూడు వందల మందికి పైగా పోయారు. వందకి పైగా ఉన్న ఆడవాళ్ళలో బతికి బయటపడింది ముగ్గురే.

నా రెండు రెక్కలు విరగడాన్ని దీని పక్కన పెట్టడం నాకే సిగ్గుగా ఉంది. కానీ తప్పు మాత్రం ఒకే జాతి.

అప్పుడు లేచాడు విలియం స్కోర్స్‌బీ. తిమింగలాల వేటలో ఓడ నడిపి, తర్వాత చర్చి ఫాదరైన మనిషి. ఆయన వాదన ఇదీ: ఇనప ఓడ కట్టేటప్పుడు వేల మేకులు సుత్తితో కొడతారు. ఆ దెబ్బలకి, కట్టేచోట ఓడ ఎటు తిరిగి ఉందో దాన్నిబట్టి భూమి అయస్కాంతత్వం ఇనుముకి పడుతుంది. సముద్రంలోకి వచ్చాక అలల దెబ్బలకి అదే మారిపోతుంది. అంటే రేవులో చేసిన కాలిబ్రేషన్ రేవుకే చెల్లుతుంది. ఎయిరీ ఒప్పుకోలేదు, ఇద్దరూ బహిరంగంగానే వాదులాడుకున్నారు. ఎయిరీ లెక్కలు తప్పని నేననను. కానీ "టెస్ట్ సర్వర్‌లో బానే పనిచేసింది కదా" అనే గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. నేనే చాలాసార్లు అన్నాను.

స్కోర్స్‌బీ ఊరుకోలేదు. అరవై దాటిన వయసులో, 1856లో, రాయల్ చార్టర్ అనే ఇనప ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్ళి చూశాడు. దక్షిణార్ధగోళంలో ఓడ అయస్కాంతత్వం ఆయన చెప్పినట్టే మారింది. మరుసటేడే పోయాడు. ఆయన చెప్పిన ఉపాయం చాలా మోటుది: ఒక దిక్సూచిని ఇనుముకి దూరంగా, తెరచాప స్తంభం మీద ఎత్తున పెట్టండి, కింది దాన్ని దానితో పోల్చి చూసుకోండి.

1876లో విలియం థామ్సన్, అంటే తర్వాత లార్డ్ కెల్విన్ అయినాయన, పేటెంటు తీసుకున్న దిక్సూచి పీఠంలో కింద అయస్కాంతాలు, పక్కన రెండు ఇనప గోళాలు, ముందు ఫ్లిండర్స్ పేరుతోనే ఒక నిలువు కడ్డీ ఉంటాయి. ప్రయాణంలోనే సర్దుకోవచ్చు.

ఇక సొంతంగా డ్రోన్లు కట్టేవాళ్ళ ఫొటోలు చూడండి. నడినెత్తిన ఒక చిన్న కర్ర, దాని చివర బిళ్ళలాంటి డబ్బా ఉంటుంది. జీపీఎస్‌తో పాటు దిక్సూచి అందులోనే. మోటార్లకి కరెంటు పోయే తీగలు కూడా అయస్కాంతాల్లా పనిచేస్తాయి కాబట్టి దూరంగా పెడతారు. చూడగానే నాకు స్కోర్స్‌బీ గుర్తొచ్చాడు. కింద ఫర్మ్‌వేరులో ఎయిరీ, పైన కర్ర మీద స్కోర్స్‌బీ. మొత్తానికి ఇద్దరూ రాజీపడ్డారు.

నేను చేసిందేమిటో ఇప్పుడు అర్థమైంది కదా. స్లాబులో నిండా స్టీలు, పక్కన ఇనప నిచ్చెన. వాటి ప్రభావాన్ని డ్రోను సొంత తప్పుగా లెక్కకట్టించి, సేవ్ చేసి, ఆ ఇనుము లేని గాలిలోకి పంపాను. ఆకుపచ్చ టిక్కు అబద్ధం చెప్పలేదు. నిచ్చెన పక్కన అది నిజమే.

కొత్త రెక్కలు వేయించి, ఆదివారం ఊరి బయట ఖాళీ పొలానికి వెళ్ళాం. బోరు పైపుకి దూరంగా నడిచి, ఫోనూ వాచీ తీసి బావమరిది చేతికిచ్చి, మళ్ళీ తిప్పాను. లేచాక నాలుగు నిమిషాలు చెట్టుకి వేలాడదీసినట్టు నిలబడింది. వాడు ఫొటోలు తీసుకుని ఇంటికొచ్చాక ఇన్వర్టరు ఎందుకో గుయ్‌మంటోంది, చూడమంటున్నాడు.