వారింగ్టన్ తొట్టె, వారింగ్టన్ సుద్ద

ఉప్పల్, నాచారం ఇళ్ళలో బోరునీరు ఎంతటి కఠినజలమో బకెట్లకు పట్టిన తెల్లని చారలే చెబుతాయి. అక్కడ నియాన్ టెట్రా, డిస్కస్ వంటి అమెజాన్ చేపలను పెంచదలచినవారు ఆర్.ఓ. నీటినో వాననీటినో తెచ్చి మృదువైన, ఆమ్లగుణం గల తొట్టెను సమకూర్చుకుంటారు. కొన్ని నెలలు అంతా సవ్యంగానే ఉంటుంది. ఒకనాడు శుభ్రం చేద్దామని సగం నీరు తోడి బోరునీరు పోస్తారు. తెల్లవారేసరికి చేపలు వెల్లకిలా తేలతాయి. నెపం చేపలమ్మిన కొట్టువాడిపై పడుతుంది, పాపం!

అసలు కారణం పందొమ్మిదవ శతాబ్దంలోనే తేలింది. 1850లో లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కను, నత్తలను ఒకే గాజుతొట్టెలో ఉంచి, నీరు మార్చకుండానే అవి బ్రతకగలవని ప్రకటించాడు. మొక్కా చేపా ఒకదానినొకటి పోషించుకుంటాయన్నది ఆయన సిద్ధాంతం. కంటికి కనబడని మరో భాగస్వామి సంగతి అప్పటికి తెలియదు.

1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు ఇసుక, సున్నపురాయి పొడి నింపిన గొట్టంలోనికి మురుగునీటిని మెల్లగా వదిలారు. దాదాపు ఇరవై రోజులు ఏమీ జరగలేదు. ఆపైన నైట్రేట్ కనిపించింది. క్లోరోఫాం ఆవిరి సోకించగానే అది ఆగిపోయింది. సురేకారం పుట్టించేది ప్రాణులేనని అలా తేలింది. కొత్త తొట్టెలో చేపలు వేయడానికి కొన్ని వారాలు ఆగమనేది ఇందుకే.

వారింగ్టన్ కొడుకు (ఆయన పేరూ రాబర్టే) రోథంస్టెడ్ క్షేత్రంలో ఈ పనినే కొనసాగించాడు. అమ్మోనియా మొదట నైట్రైట్‌గా, పిదప నైట్రేట్‌గా మారుతుందనీ, పుట్టే ఆమ్లాన్ని ఇముడ్చుకొనే సుద్దవంటి పదార్థం లేకుంటే పని నిలిచిపోతుందనీ గ్రహించాడు. ఆ జీవులను విడదీయడం మాత్రం ఆయనకు చిక్కలేదు. ఆ ఘనత 1890లో వినోగ్రాద్‌స్కీకి దక్కింది.

కొడుకు చెప్పిన సుద్దలోనే మన చేపల చావుకు కారణం ఉంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజని మారడానికి సుమారు ఏడు గ్రాముల సుద్దకు సమానమైన క్షారత ఖర్చవుతుంది. మృదుజలంలో అంత నిల్వ ఎక్కడిది? పి.హెచ్. 6 దిగువకు జారుతుంది, సూక్ష్మజీవులు మందగిస్తాయి, అమ్మోనియా పేరుకుంటుంది. అయితే ఆమ్లజలంలో అది దాదాపుగా అమ్మోనియం రూపంలో ఉండి చేపకు అంతగా హాని చేయదు. బోరునీరు పడి పి.హెచ్. 8కి ఎగసిందా, విషరూపం సుమారు వందరెట్లవుతుంది!

కనుక ఇటువంటి తొట్టెలో నీరు కొద్దికొద్దిగా, అదే గుణం గల నీటితోనే మార్చాలి. స్పాంజిని తోడిన తొట్టెనీటిలోనే పిండాలి. మేత తగ్గించి, మొక్కలు దండిగా నాటాలి. అమ్మోనియంను మొక్కలు నేరుగా పీల్చుకుంటాయి. అంటే కొడుకు సుద్ద కరువైన చోట పెద్ద వారింగ్టన్ మొక్కలే దిక్కన్నమాట.