కంపెనీ వదిలి వెళ్లిన షెడ్డులో

రేసింగు అభిమానులు ముచ్చటపడి చెప్పుకునే కథ ఒకటుంది. 2008 డిసెంబరు 5న హోండా కంపెనీ ఫార్ములా వన్ నుంచి తప్పుకుంటున్నట్టు టోక్యోలో ప్రకటించింది. ఆ టీముకి పెద్దగా ఉన్న రాస్ బ్రాన్ దాన్ని ఒక్క పౌండుకి కొనుక్కున్నాడు. నాలుగు నెలలు నిండకముందే కొత్త టీము తన మొదటి రేసు గెలిచింది. ఏడాది తిరక్కముందే ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో హాలీవుడ్ నటుడు కీను రీవ్స్ దీని మీద నాలుగు భాగాల డాక్యుమెంటరీ చేశాక కథకి మెరుగు ఇంకా పెరిగింది.

ఈ కథలో సంగతులన్నీ నిజమే. అయినా నాకు నమ్మబుద్ధి కాదు. నెల్లిమర్ల లాంటి మిల్లు ఊళ్లో లాకౌట్ నోటీసు అంటించడం, యాజమాన్యం మారిందన్న కబురు రావడం, మళ్లీ గేటు తెరవడం తెలిసిన సంగతులే. వాటిని ఎవరూ అద్భుతమనరు. గేటు మీద బోర్డుకి కొత్త రంగు పడుతుంది, లోపల మగ్గాలూ వాటి ముందు నిలబడే చేతులూ పాతవే. రేసింగు చరిత్ర రాసేవాళ్లు బోర్డు చదివి వెనక్కి తిరిగిపోయారేమోనని నా అనుమానం. కంపెనీ వెళ్లిపోయాక పుట్టిన టీములను ఒకసారి గేటు లోపలి నుంచి చూద్దాం.

మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. 1933లో ఆల్ఫా రోమియో రేసుల నుంచి వెనక్కి తగ్గితే, దాని కార్లు మోడెనాలోని ఎంజో ఫెరారీ చేతికొచ్చాయి. 1955లో లాన్చియా చేతులెత్తేస్తే దాని డీ50 కార్లూ ఫెరారీకే దక్కాయి. మరుసటి ఏడాది వాటి మీదే డ్రైవర్ ఫాంజియో ఛాంపియన్ అయ్యాడు. 1969లో ఫ్రెంచి కంపెనీ మాత్రా కార్లతో టైటిల్ గెలిచిన కెన్ టిరెల్, మాత్రా తన సొంత ఇంజినే వాడాలని పట్టుబట్టడంతో విడిపోయి, కలప వ్యాపారం చేసుకునే తన ఆవరణలోని షెడ్డులో 1970లో సొంత కారు కట్టించాడు. ఈ మూడు సందర్భాల్లోనూ కంపెనీ తప్పుకునేనాటికే పని తెలిసిన మనుషులూ, పని జరుగుతున్న చోటూ సిద్ధంగా ఉన్నాయి. మారిందల్లా పేరే.

మా జిల్లాలో దీనికి తిరగేసిన ఉదాహరణ ఒకటుంది. 1930-31 చలికాలంలో ఎంసీసీ క్రికెట్ జట్టు మన దేశానికి రావాల్సింది. శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఆ పర్యటన రద్దయింది. అప్పుడు విజయనగరం మహారాజకుమార్, లోకం విజ్జీ అని పిలిచినాయన, సొంత జట్టు కూర్చి, ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌నీ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నీ రప్పించి, మన దేశంలోనూ సిలోన్‌లోనూ ఆడించాడు. ఒకరు తప్పుకుంటే ఇంకొకరు జట్టు కట్టడం ఇక్కడా జరిగింది. కానీ అది సంచి బలంతో కట్టిన జట్టు. ఆ శీతకాలపు ముచ్చట ఆ శీతకాలంతోనే సరిపోయింది. మిగిలిన పని మీద కట్టిన టీముకీ, డబ్బు మీద కట్టిన టీముకీ తేడా ఇదే.

ఇక అసలు తగవు 2009 గురించి. బ్రాన్ టీము ఉన్న చోటు ఇంగ్లండులోని బ్రాక్లీ. ఆ ఫ్యాక్టరీ బార్ అనే టీము కోసం కట్టింది. బార్‌కి సొమ్ము పెట్టింది సిగరెట్ల కంపెనీ బ్రిటిష్ అమెరికన్ టొబాకో. ఆ కంపెనీ టిరెల్ టీమును కొని, దాని స్థానంతో 1999లో బరిలోకి దిగింది. అంటే మాత్రాతో విడిపోయి పుట్టిన టిరెల్ వారసత్వమే కాగితాల మీద బ్రాక్లీదాకా నడిచొచ్చింది. కాగితాల మీద అని ఎందుకన్నానంటే, టిరెల్ షెడ్డు, బ్రాక్లీ ఫ్యాక్టరీ ఒకటి కావు. తర్వాత హోండా బార్‌ను పూర్తిగా కొని, 2006 నుంచి సొంత పేరు పెట్టుకుంది. మూడేళ్లలో గెలిచింది 2006 హంగరీలో ఒక్కటంటే ఒక్క రేసు. 2008లో మొత్తం 14 పాయింట్లు, తొమ్మిదో స్థానం.

ఈ 14 పాయింట్లే అద్భుత కథకి పునాది. నిరుడు అడుగున ఉన్న టీము ఈ ఏడు పైకొచ్చిందంటే మాయ అనిపించదా? కానీ ఆ పాయింట్లు ఎందుకంత తక్కువో చూడాలి. 2009లో నిబంధనలు సమూలంగా మారబోతున్నాయి. కారు రెక్కల కొలతలు, కింది భాగం, టైర్లు, అన్నిటి లెక్కా మారిపోతోంది. ఫెరారీలో షూమాకర్‌తో టైటిళ్ల మీద టైటిళ్లు గెలిచొచ్చిన బ్రాన్, 2008 కారు బాగుపడేది కాదని తొందరగానే తేల్చుకుని, ఆ ఏడాదిలో ఎక్కువ భాగం మనుషుల్నీ విండ్ టన్నెళ్లనూ వచ్చే ఏటి కారు మీదే పెట్టాడు. ఖర్చంతా హోండాది. నారు పోసింది హోండా, కోత కోసింది బ్రాన్. ఫెరారీ, మెక్‌లారెన్ ఆ ఏడాది చివరి రేసు దాకా టైటిల్ కోసం కొట్టుకుంటూ కొత్త కారుకి అంత సమయం ఇవ్వలేకపోయాయి. ఓడిపోతున్నవాడికి దక్కిన తీరిక అది.

దీనికి ఎదురుగా సాధారణంగా చెప్పే మాట డబుల్ డిఫ్యూజర్. కారు వెనక అడుగున గాలి పీడనాన్ని తగ్గించి కారును నేలకి అదిమిపట్టే భాగం డిఫ్యూజర్. నిబంధనల్లోని ఒక సందు పట్టుకుని దాన్ని రెండంతస్తులుగా చేశారు. ఆ ఆలోచనకి బీజం 2008 మేలో మూతపడ్డ సూపర్ అగూరి అనే చిన్న జపాన్ టీములో పనిచేసిన ఇంజినీర్ల దగ్గర పడిందని చెప్పుకుంటారు. అది నిజమైతే, ఒక మూతపడ్డ షెడ్డు నుంచి ఇంకో మూతపడబోయే షెడ్డుకి తెలివి నడిచొచ్చినట్టు. కాని డిఫ్యూజరే గెలిపించిందంటే నేనొప్పుకోను. అదే రకం డిఫ్యూజర్ ఆ ఏడు మొదటి రేసునాటికే టయోటాకీ ఉంది, విలియమ్స్‌కీ ఉంది. ఏప్రిల్ 15న అప్పీలు కోర్టు మూడిటినీ చట్టబద్ధమేనంది. అయినా ఆ ఏడాది టయోటా, విలియమ్స్ ఒక్క రేసూ గెలవలేదు. ఒకే మందు ముగ్గురు తాగితే ఒక్కడికే జబ్బు నయమైందంటే, నయం చేసింది మందు ఒక్కటే కాదన్నమాట.

ఒక్క పౌండు సంగతి. 2009 మార్చి 6న కొనుగోలు ఖాయమైంది. పౌండు ధర పేరుకి మాత్రమే. హోండా టీమును మూసేసి ఉంటే ఉద్యోగుల పరిహారాలకీ, కుదుర్చుకున్న ఒప్పందాలకీ పెద్ద మొత్తమే కట్టాల్సి వచ్చేది. ఆ ఖర్చు పెట్టే బదులు, సీజను నడవడానికి సరిపడా సొమ్ము చేతిలో పెట్టి సాగనంపింది. మన లెక్కలో చెప్పాలంటే అరణం ఇచ్చి పంపిన పిల్ల. ఇవ్వలేకపోయింది ఇంజిన్ ఒక్కటే. మెక్‌లారెన్ పెద్దమనసుతో ఒప్పుకోబట్టి మెర్సిడెస్ ఇంజిన్ దొరికింది. హోండా ఇంజిన్ కొలతలకి కట్టిన చాసిస్ వెనకభాగాన్ని కోసి, సరిచేసి, కూర్చారు. ఇది మాత్రం నిజంగా బ్రాక్లీ పనివాళ్ల గొప్పతనం. వారాల్లో చేసిన ఆ అతుకుపని ఏడాది పొడుగునా నిలబడింది. మిగతా వాదనలో ఎంత పట్టుగా ఉన్నా, ఇక్కడ నేను టోపీ తీస్తాను.

మార్చి 29న మెల్‌బోర్న్‌లో బ్రాన్ టీము డ్రైవర్లు జెన్సన్ బటన్ మొదటి స్థానంలో, బారికెల్లో రెండో స్థానంలో వచ్చారు. తొలి రేసులోనే గెలుపు 1977లో వోల్ఫ్ టీము తర్వాత అదే. ఆ వోల్ఫ్ కూడా ఫ్రాంక్ విలియమ్స్ పాత టీమును కొని తిరగరాసిందే. మొదటి ఏడు రేసుల్లో బటన్ ఆరు గెలిచాడు. ఇక్కడే పత్రికలు పెన్ను పక్కన పెట్టాయి. మిగతా పది రేసుల లెక్క తీయండి. టీము గెలిచింది రెండే, వలెన్సియా, మోంజా. రెండూ బారికెల్లోవి. బటన్ ఇక ఒక్కటీ గెలవలేదు. అక్టోబరు 18న సావోపాలోలో రెండు టైటిళ్లూ దక్కాయి, కానీ ముందు కూడబెట్టిన పాయింట్ల మీద. పుట్టింటి నుంచి తెచ్చుకున్న సొమ్ము కరిగిపోతున్న ఇల్లు ఎలా ఉంటుందో ఆ రెండో సగం అలా ఉంది. చేతిలో డబ్బు లేక కారును పెద్దగా మెరుగుపరచలేకపోయారు. రెడ్ బుల్ వెనకనుంచి తరుముతోంది. మొత్తం 172 పాయింట్లు, రెడ్ బుల్‌కి 153.5. సీజను ఇంకో నాలుగు రేసులు ఎక్కువుంటే ఈ కథకి ముగింపు ఇదేనా అని నేను ఖాయంగా చెప్పలేను. నవంబరు 16న మెర్సిడెస్ మాతృసంస్థ డైమ్లర్, అబుదాబి సంస్థ ఆబార్ కలిసి ఆ టీములో 75.1 శాతం కొన్నాయి. బ్రాన్ పేరు బోర్డు మీద ఉన్నది ఒక్క ఏడాది.

నా వాదనకి బలమైన సాక్ష్యం ఆ ఏడాదే ఇంకో రెండుచోట్ల దొరుకుతుంది. జులైలో బీఎండబ్ల్యూ తప్పుకుంటానంది. స్విట్జర్లాండులోని హిన్విల్ షెడ్డును మొదట కట్టిన పీటర్ సౌబర్, తాను అమ్మిన టీమును తానే వెనక్కి తీసుకున్నాడు. నవంబరులో టయోటా తప్పుకుంది. ఎనిమిది సీజన్లు, లెక్కలేనంత ఖర్చు, ఒక్క గెలుపూ లేదు. జర్మనీలో కొలోన్ ఫ్యాక్టరీ నిండా యంత్రాలున్నాయి, మనుషులున్నారు, తర్వాతి ఏటి కారు కూడా తయారవుతోంది. టీము మాత్రం పుట్టలేదు. స్టెఫాన్ జీపీ అనే సెర్బియా సంస్థ ఆ కారుతో రావాలని చూసినా బరిలో చోటు దక్కలేదు. టయోటా ఖాళీ చేసిన చోటే సౌబర్‌కి దక్కింది. డబ్బు, యంత్రం, తెలివి ముగ్గురికీ ఉన్నాయి. బ్రాక్లీలోనూ హిన్విల్‌లోనూ ఉండి కొలోన్‌లో లేనిది, ఈ బరువు నేను మోస్తానని లోపలి నుంచి లేచిన మనిషి. కంపెనీ విడిచిపెట్టే తీరు, బరిలో చోటు, మోసే మనిషి, ఈ మూడూ కలిస్తేనే కొత్త టీము. డిఫ్యూజర్ ఆ తర్వాతి మాట.

ఇప్పటి సంగతి చూస్తే నాకు అంత ఉత్సాహం కలగదు. తెలుగువాళ్లం ఇలాంటి టీములను కళ్లారా చూసింది 2023 ఫిబ్రవరి 11న, హుస్సేన్‌సాగర్ ఒడ్డున. 2.8 కిలోమీటర్ల వీధి సర్క్యూట్ మీద ఫార్ములా ఈ విద్యుత్ కార్లు తిరిగాయి. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రెండో స్థానంలో వచ్చిన నిక్ కాసిడీది ఎన్విజన్ టీము. అంతకుముందు ఏటి దాకా అది నడిచింది ఆడి మోటారు మీద. ఆడి, బీఎండబ్ల్యూ రెండూ 2020 చివర్లో కొద్దిరోజుల తేడాతో తప్పుకుంటామన్నాయి. ఎన్విజన్ జాగ్వార్ మోటారుకీ, బీఎండబ్ల్యూతో నడిచిన ఆండ్రెట్టి పోర్షే మోటారుకీ మారాయి. ఆ 2023లో టీముల టైటిల్ ఎన్విజన్‌ది, డ్రైవర్ల టైటిల్ ఆండ్రెట్టి డ్రైవర్ జేక్ డెన్నిస్‌ది. కంపెనీలు వదిలేసిన రెండు టీములూ రెండు కిరీటాలు పంచుకున్నాయి. వార్తల్లో ఈ మాట ఎంతమంది గమనించారో మరి.

అదే రోజు అదే ట్రాక్ మీద బొప్పాయిరంగు మెక్‌లారెన్ కార్లూ ఉన్నాయి. అది వరసగా రెండేళ్లు టైటిళ్లు గెలిచి 2022లో మెర్సిడెస్ వదిలేసిన టీము. మెక్‌లారెన్ ఆదుకుంది. 2024లో సావోపాలోలో సామ్ బర్డ్ దానికి గెలుపు తెచ్చాడు. 2025లో మెక్‌లారెన్ కూడా వెళ్లిపోయింది. ఈసారి మోసేవాడు దొరకలేదు, టీము చెదిరిపోయింది, బరిలో పదకొండు జట్లు పదయ్యాయి. ఇక హైదరాబాదు రేసు సంగతి సరేసరి. ప్రభుత్వం మారాక 2024 రేసు రద్దయింది.

ఫార్ములా వన్‌లో పరిస్థితి ఇంకో రకంగా బిగిసింది. ఆండ్రెట్టి సొంతంగా వస్తానంటే 2024 జనవరిలో వద్దన్నారు. అదే ప్రయత్నం జనరల్ మోటార్స్ నీడలో, కాడిలాక్ పేరుతో 2026కి అనుమతి తెచ్చుకుంది. ఇవాళ బరిలో చోటు పట్టా భూమిలాంటిది. దున్నేవాడెవరన్నది తర్వాత, పట్టా ఎవరి పేర ఉందన్నదే ముందు. కెన్ టిరెల్ లాంటి కలప వ్యాపారి ఇప్పుడు షెడ్డు తెరిచినా గేటు దగ్గరే ఆపేస్తారు. రెనో తన ఇంజిన్ల తయారీ ఆపేస్తుందన్న కబురు విని, అవి తయారుచేసే విరీ షాతియోఁ కార్మికులు 2024లో మోంజా స్టాండ్లలో నిలబడి నిరసన తెలిపారు. నిర్ణయం మారలేదు. రెనోవారి ఆల్పీన్ టీము మెర్సిడెస్ ఇంజిన్‌కి మళ్లింది. టీము పేరు నిలిచింది, విరీలో ఇంజిన్ పని పోయింది. బ్రాన్ కథకి ఇది అద్దంలో తిరగేసిన బొమ్మ.

చివరిగా, కీర్తి కథ వదిలేసిన ఒక అంకె. 2009 సీజను మొదట్లోనే బ్రాక్లీలో ఉన్న సుమారు 700 మందిలో 270 మంది దాకా ఉద్యోగాలు కోల్పోయే లెక్క తేలింది. ఆ కారు మీద హోండా కాలంలో పనిచేసిన వాళ్లలో చాలామంది అది కిరీటం గెలవడం ఇంట్లో టీవీలో చూసి ఉంటారు. మూసిన గేటు మళ్లీ తెరిచారని కబురొస్తే మిల్లు ఊళ్లో కొత్త యజమాని పేరు అడగరు. ఎంతమందిని లోపలికి తీసుకున్నారని అడుగుతారు. బ్రాన్ కథ చెప్పేవాళ్లని కూడా ముందు ఆ మాటే అడగాలి.