‘తోడు’ అను మాట

అమెరికాలో కనీసపు కూలిని, గడువు మించిన పనికి ఒకటిన్నర రెట్ల కూలిని 1938లో శాసనము విధించెను. ఇంటిపనివారు దానికి వెలియైరి. 1974లో వారిని చేర్చుకొనియు, వృద్ధులకు ‘తోడు’గా నుండువారిని విడిచిరి. పూటసేపు కబుర్లు చెప్పు పొరుగామెను దలచి యా మాట వ్రాసిరి కాబోలు! 1975లో కార్మికశాఖ, సేవకులను పంపి లాభము గొను సంస్థలకును ఆ మినహాయింపు నిచ్చెను. నీళ్లుపోయుట, పక్క మార్చుట, రాత్రులు మేల్కొనుట, అన్నియు తోడే యయ్యెను.

జమైకానుండి న్యూయార్కు చేరి, యిరువదేండ్లు ఈ సేవ చేసిన ఎవెలిన్ కోక్ అదనపు కూలికై వ్యాజ్యెము వేసెను. 2007లో అత్యున్నత న్యాయస్థానమున తొమ్మండుగురును ఆమెకు వ్యతిరేకముగా తీర్పుచెప్పిరి. 2009లో ఆమె గతించెను. 2013లో కార్మికశాఖయే నిబంధనను దిద్ది, సంస్థలకు ఆ వెసులుబాటు తొలగించెను. 2015లో అది అమలునకు వచ్చెను. 2025లో ఆ శాఖయే పాత మినహాయింపును మరల తేవలెనని ప్రతిపాదించెను.