తెర వెలుగక మునుపు

విడివిడిగా కొని తెచ్చిన భాగములను ఒక్కొక్కటిగా కూర్చి, తీగెలన్నియు తగిలించి, మీట నొక్కినంతనే పంకాలు తిరుగును, దీపము వెలుగును, తెర మాత్రము నల్లగానే యుండును. సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు దుకాణములలో ఈ వ్యాధికి "డిస్ప్లే లేదు" అని పేరు. పేరు చిన్నదేగాని చిక్కు పెద్దది. కంప్యూటరు తన బాధను చెప్పుకొనవలసినది తెరమీదనే; ఆ తెర వెలుగవలెనన్నచో విద్యుత్తు సరిగా అందవలెను, ప్రాసెసరు మేల్కొనవలెను, ర్యాము పనిచేయవలెను, డిస్ప్లే కార్డు సిద్ధము కావలెను. అనగా యంత్రమున ముప్పాతిక భాగము స్వస్థముగా నున్నప్పుడుగాని అది తనకు స్వస్థత లేదని చెప్పజాలదు. ఈ విడ్డూరమును దాటుటకై నిర్మాతలును మెకానిక్కులును పన్నిన యుపాయములకు డెబ్బదియైదేండ్లకు పైబడిన చరిత్ర కలదు.

మొదట యంత్రమును నిర్మించినవారే దానికి వైద్యులుగా నుండిరి. 1949 మే 6వ తేదీన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున మారిస్ విల్క్స్ బృందమువారి ఎడ్శాక్ యంత్రము తన తొలి ప్రోగ్రామును నడిపి వర్గముల పట్టికను అచ్చొత్తి యిచ్చెను. ఏమియు నెరుగని స్మృతితో మేల్కొను యంత్రమునకు తొలిపాఠ మెవరు చెప్పవలెనను ప్రశ్నకు డేవిడ్ వీలర్ 31 ఆజ్ఞలతో సమాధానము కూర్చెను. టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడుకలోనున్న తిరుగుడు స్విచ్చులమీద వానిని శాశ్వతముగా తీగెలతో కట్టివేసిరి. మీట నొక్కగానే అవి స్మృతిలోనికి దిగి, కాగితపు పట్టీమీది ప్రోగ్రామును చదువ మొదలిడును. నేటి కంప్యూటరులో మొట్టమొదట నడచు ప్రోగ్రామగు బయాసునకు పూర్వరూప మిదియే.

అయితే, కొన్నవాడే కూర్చుకొని, కూర్చినవాడే తల పట్టుకొను కంప్యూటరు జనసామాన్యమునకు చేరినది 1975లో. ఆ యేడాది జనవరి సంచికలో పాప్యులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రముగా ప్రకటించిన ఆల్టెయిర్ 8800ను అమెరికాలోని ఆల్బుకర్కీ నగరమునుండి ఎడ్ రాబర్ట్స్ సంస్థ విడిభాగముల పెట్టెగా పంపుచుండెను. దానికి కీబోర్డు లేదు, తెర లేదు, ఉన్న స్మృతియంతయు 256 బైట్లు. ముందుపలకమీద వరుసలుగా స్విచ్చులు, వానిపైన ఎర్రదీపములు. ఇవియే దాని చెవులు, ఇవియే దాని నోరు. ఒక్కొక్క బైటునకు ఎనిమిదేసి స్విచ్చులను పైకిని క్రిందికిని సర్ది, మరొక మీటతో దానిని స్మృతిలోనికి దింపి, మరల తరువాతి బైటునకు పోవలెను. పదులకొలది బైట్లలో ఒక్క స్విచ్చి తారుమారైనను శ్రమయంతయు వ్యర్థము. అప్పుడు స్విచ్చి తప్పా, ఇంటిలో తాము పెట్టుకొనిన సోల్డరు అతుకు తప్పా, సంస్థ పంపిన మెమొరీ బోర్డు తప్పా అని తేల్చుకొనుటకు దీపముల నొక్కొక్కటిగా చదువుట తప్ప వేరుదారి లేకుండెను; ఆ సంస్థవారి నాలుగువేల బైట్ల మెమొరీ బోర్డు అప్పటికే అపకీర్తి పాలైయుండుటచే, అనుమానము ముందుగా దానిమీదికే పోవుచుండెను. ఆ యేడాదియే కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు సమావేశములో స్టీవ్ డాంపియర్ తన ఆల్టెయిరు ప్రక్కన ఒక రేడియో నుంచి, యంత్రమునుండి వెలువడు విద్యుత్కల్లోలమునే స్వరములుగా మలచి, బీటిల్స్ వారి పాటను వినిపించెను. వినోదముగా చేసిన పనియే యైనను, తెర లేని యంత్రముకూడ చెవికి వినబడునట్లు మాటాడగలదని అందరికి తెలిసివచ్చినది.

ఆ మాటకు క్రమశిక్షణ నిచ్చినది ఐ.బి.ఎం. వారు. 1981 ఆగస్టు 12న వారు వెలువరించిన పర్సనల్ కంప్యూటరులో, మీట నొక్కిన వెనువెంటనే ప్రాసెసరు స్మృతిపరిధిలో చిట్టచివరనున్న ఒక నియత స్థానమునకు పోయి, అచట చెరగని చిప్పులో నిక్షిప్తమైన బయాసు నాశ్రయించును. ఆ బయాసు చేయు మొదటి పని యంత్రమును నడుపుట కాదు, యంత్రమును శంకించుట. ముందు ప్రాసెసరు తన్ను తానే పరీక్షించుకొనును. పిదప తానున్న చిప్పులోని అక్షరములన్నియు చెదరకున్నవో లేవో కూడి చూచుకొనును. పిదప కాలమును కొలుచు చిప్పును, స్మృతిలో మొదటి 16 కిలోబైట్లను తడవి చూచును. తెర జోలికి పోవుట ఆ తరువాతనే. అన్నియు సరిగానున్నచో పొట్టిగా ఒక్క బీపు. డిస్ప్లే కార్డు పలుకకున్నచో ఒక పొడుగు, రెండు పొట్టి. తెర వెలిగినపిమ్మట ఏదైన లోపము కనబడినచో అంకెలు: 201 అనగా మెమొరీ, 301 అనగా కీబోర్డు, 601 అనగా ఫ్లాపీ. స్పీకరునే తొలి వార్తాహరునిగా నియమించుటలో గొప్ప యోచన కలదు. ఆ చిన్న స్పీకరు మ్రోగుటకు ప్రాసెసరును, కాలమును కొలుచు చిప్పును, రెండుమూడు తీగెలును చాలును. తెర వెలుగుటకు కావలసిన బలగములో పదవవంతైన అక్కరలేదు. 1984లో వచ్చిన ఏ.టి. నమూనాలో ఇంకొక మెట్టు ఎక్కి, పరీక్షలో ఏ ఘట్టమునకు చేరినదో ఆ సంఖ్యను బయాసు ఒక నియత ద్వారమునకు పంపుచుండెను. రెండంకెల దీపములుగల చిన్న కార్డును బోర్డుకు గ్రుచ్చినచో, ఎక్కడ ఆగిపోయినదో ఆ సంఖ్య చూపును.

ఐ.బి.ఎం. బయాసును కాపీ చేయక, దాని ప్రవర్తనను మాత్రమే అనుసరించి క్రొత్తగా వ్రాయు పద్ధతిని కాంపాక్ వారు ఆరంభింపగా, 1984లో ఫీనిక్స్ సంస్థ అట్టి బయాసును అందరికి అమ్మజూపెను. పిమ్మట ఏ.ఎం.ఐ., అవార్డు అను సంస్థల బయాసులు వచ్చినవి. బాగోగులెట్లున్నను, ఒక్క కీడు మాత్రము జరిగినది: ఎవరి బీపులు వారివి. ఏ.ఎం.ఐ. వారికి మూడు బీపులన్న మొదటి స్మృతిఖండము చెడినట్లు, ఎనిమిదన్న డిస్ప్లే మెమొరీ. ఫీనిక్స్ వారివి గుంపులు గుంపులుగా విరిచి లెక్కింపవలసినవి. ఇన్ని కంపెనీలు ఒక్క పట్టిక నంగీకరింపలేకపోవుట నా దృష్టిలో క్షమింపరాని సోమరితనము. దాని భారమంతయు దుకాణములోని కుర్రవానిమీద పడినది.

మన దేశమున 1984 నవంబరులో ప్రకటితమైన క్రొత్త కంప్యూటరు విధానము దిగుమతి ఆంక్షలను సడలింపగా, తొంబదులలో అసెంబుల్డ్ కంప్యూటరు మధ్యతరగతి ఇండ్లకు చేరినది. ఢిల్లీ నెహ్రూప్లేసు, చెన్నై రిచీవీధివలెనే మనకు చెనాయ్ ట్రేడ్ సెంటరు. మూడుజానల వెడల్పు గదిలో అట్టపెట్టెల నడుమ కూర్చున్న మెకానిక్కువద్దకు ఒకడు సి.పి.యు. మోసికొనివచ్చి, "అన్నా, ఆన్ అయితుంది గానీ డిస్ప్లే వస్తలేదు" అనును. "ఏం కాదు, ర్యామ్ తీసి రుద్ది పెడతా, కూర్చో" అని సమాధానము. రుద్దుట యనగా పిల్లలు పలకాపుస్తకముల సంచిలో వేసికొను పెన్సిలు రబ్బరుతో ర్యాము అంచుననున్న బంగారుపూత పండ్లను రుద్దుటయే. పట్టిన మాలిన్యము పోయి సంపర్కము కుదిరినచో అంతటితో పని ముగియును. పూత అరిగిపోవునని పండితు లాక్షేపింతురు గాని, ఈ చికిత్సవలన బ్రతికిన యంత్రములకు లెక్కలేదు.

రుద్దినను పలుకకున్నప్పుడు వచ్చునది అసలు విద్య. బోర్డును కేబినెట్టునుండి ఊడదీసి, దాని అట్టపెట్టెమీదనే పరచి, ప్రాసెసరును, విద్యుత్తు నందించు ఎస్.ఎం.పి.ఎస్.ను, స్పీకరును మాత్రమే ఉంచి, తక్కినవన్నియు తొలగింతురు. స్విచ్చి తగులవలసిన రెండు పిన్నులను స్క్రూడ్రైవరు మొనతో ఒక్కక్షణము కలుపుదురు. ర్యాము లేదు గనుక బోర్డు బీపులతో మొరపెట్టవలెను. పుట్టిన బిడ్డ యేడ్చువరకు మంత్రసానికి నెమ్మది లేనట్లు, మెకానిక్కు ఆ మొరకొరకు చెవియొగ్గును. మొర వినబడినచో బోర్డును ప్రాసెసరును సజీవములు. ఇక ఒక్కొక్క భాగమును చేర్చుచు, ఎక్కడ నోరు మూతపడునో అక్కడ దోషమని పట్టుకొనవచ్చును. బోర్డు విడిగా నడిచి, కేబినెట్టులో బిగించినంతనే చచ్చినచో, అడుగున పెట్టిన ఇత్తడి మేకులలో ఒకటి రంధ్రము లేనిచోట నిలిచి బోర్డు వెనుకభాగమును తాకుచున్నదని తెలియును. మొరయే లేకున్నచో కష్టము. అప్పుడు తెలిసిన మంచి బోర్డు, మంచి ప్రాసెసరు తెచ్చి మార్చి చూచుటకంటె గత్యంతరము లేదు. ఇంటిలో కూర్చుకొనువానికి లేనిదియు, దుకాణమువానికి ఉన్నదియు ఈ మార్పిడి సరుకే. నైపుణ్యములో వా రిరువురకు గల భేదము మనము తలచునంత లేదు.

కూర్చునపుడు జరుగు పొరపాట్లు మాత్రము కాలమునుబట్టి మారినవి. పాత ఏ.టి. బోర్డులకు విద్యుత్తు పి8, పి9 అను రెండు కనెక్టర్లతో వచ్చుచుండెను. నల్లతీగెలు నాలుగును నడుమ ప్రక్కప్రక్కన నుండవలెను. తారుమారైనచో బోర్డు భస్మము. 1995లో ఇంటెల్ వారి ఏ.టి.ఎక్స్. ప్రమాణము తిప్పి పెట్టుటకు వీలులేని ఒక్క కనెక్టరు నిచ్చి ఆ గండమును తొలగించినది. పెంటియం 4తో ప్రాసెసరునకు వేరుగా నాలుగు పిన్నుల కనెక్టరు వచ్చి క్రొత్త మరపునకు తావిచ్చినది. అది మరచినవాని యంత్రమున పంకాలన్నియు చక్కగా తిరుగును, మరేమియు జరుగదు. కూర్చువాని పొరపాటు లేకయే వచ్చిన చావును ఒకటి కలదు: 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. వైరసు బయాసు చిప్పులోని వ్రాతనే చెరిపివేయగా, సాహసికులు అదే రకపు వేరొక బోర్డును నడిపి, నడుచుచుండగనే దాని చిప్పును పెరికి, చచ్చిన చిప్పును అచట గ్రుచ్చి మరల వ్రాసిరి.

ఇటీవలి బోర్డులతో స్పీకరు వచ్చుటయే అరుదైనది. దానికి మారుగా అంచున నాలుగు చిన్న దీపములుండును: సి.పి.యు., డి-ర్యామ్, వి.జి.ఎ., బూట్. ఏది వెలిగి ఆరకుండునో దోష మక్కడనే. బీపుల కలగాపులగముకంటె ఇది మేలేగాని, కొద్ది రూపాయలే చేయు స్పీకరును మిగుల్చుకొనుట నా కిప్పటికిని లోభముగనే తోచును. బోర్డు పాతదై ప్రాసెసరు క్రొత్తదైనచో బయాసు దానిని గుర్తింపదు. 2018లో ఇట్టి చిక్కులో పడినవారికి ప్రాసెసర్ల నిర్మాతలగు ఏ.ఎం.డి. వారు బయాసును సవరించుకొనుటకై పాత ప్రాసెసర్లను ఎరువుగా పంపవలసివచ్చినది. ఇప్పుడు అనేక బోర్డులు ప్రాసెసరు లేకున్నను, యు.ఎస్.బి. పుల్లనుండి బయాసును తామే వ్రాసికొనును. డి.డి.ఆర్.5 ర్యాముతో కూర్చిన యంత్రమైతే, తొలిసారి మీట నొక్కినప్పుడు ర్యాముతో లయ కుదుర్చుకొనుటకే కొన్ని నిమిషములు తీసికొనును. అంతవరకు తెర నల్లగానే యుండును, డి-ర్యామ్ దీపము వెలుగుచునే యుండును. చెడిపోయినదని మధ్యలో యంత్రము నాపివేసినవానికి ఆ తంతు మరల మొదటినుండి ఆరంభమగును.