స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్ ద్వీపం)

స్వరాజ్ ద్వీప్ భారతదేశంలోని కేంద్రపాలిత ప్రాంతమైన అండమాన్ నికోబార్ దీవులకు చెందిన ఒక ద్వీపం. 2018 వరకు దీనిని హేవ్‌లాక్ ద్వీపం అని పిలిచేవారు. దక్షిణ అండమాన్ జిల్లాలో, రాజధాని శ్రీ విజయపురానికి (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) ఈశాన్య దిశలో సుమారు 41 కి.మీ. దూరంలో ఈ ద్వీపం ఉంది. తెల్లని ఇసుక తీరాలకు, తీరానికి అతి చేరువలో ఉన్న పగడపు దిబ్బలకు ఇది ప్రసిద్ధి చెందింది. నీటిపై తేలుతూ సముద్రగర్భాన్ని చూసే స్నార్కెలింగ్ క్రీడకు దేశంలో ఎక్కువమంది వెళ్ళే ప్రదేశాలలో ఇది ఒకటి. ఈత రానివారు కూడా ఇక్కడ పగడాలను చూడగలగడానికి కారణం అవి లోతు తక్కువ నీటిలో పెరగడమే. అవి సులభంగా దెబ్బతినడానికి గల కారణాలలోనూ ఇదే ముఖ్యమైనది.

పేరు

1857 తిరుగుబాటును అణచివేయడంలో పాల్గొని, అదే సంవత్సరం నవంబరులో లక్నోలో మరణించిన బ్రిటిష్ సేనాని హెన్రీ హేవ్‌లాక్ పేరును ఈ ద్వీపానికి పెట్టారు. చుట్టుపక్కల ఉన్న నీల్, ఔట్రామ్, హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్ మొదలైన ద్వీపాల పేర్లు కూడా ఆ కాలపు బ్రిటిష్ అధికారులవే.

1943 డిసెంబరు 30న నేతాజీ సుభాష్ చంద్రబోస్ పోర్ట్ బ్లెయిర్‌లో జాతీయ పతాకాన్ని ఎగురవేశారు. అండమాన్ దీవులకు షహీద్ అనీ, నికోబార్ దీవులకు స్వరాజ్ అనీ ఆయన నామకరణం చేశారు. ఆ సంఘటనకు 75 సంవత్సరాలు నిండిన సందర్భంగా 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ ద్వీపానికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ ద్వీపానికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. ఆ విధంగా నేతాజీ నికోబార్ దీవులకు పెట్టిన పేరు ఇప్పుడు అండమాన్‌లోని ఒక ద్వీపానికి చెందినదైంది. పర్యాటకుల వాడుకలో పాత పేరు నేటికీ వినబడుతూనే ఉంది.

భౌగోళిక స్వరూపం

గ్రేట్ అండమాన్‌కు తూర్పున ఉన్న చిన్న దీవుల సమూహాన్ని రిచీ ద్వీపసమూహం అంటారు. స్వరాజ్ ద్వీప్ వాటిలో అన్నిటికంటే పెద్దది. దీని వైశాల్యం సుమారు 92 చ.కి.మీ. ద్వీపంలో అధికభాగం సతతహరిత అరణ్యం. జనావాసాలు, పొలాలు, కొబ్బరి, పోక తోటలు ముఖ్యంగా ఉత్తర, తూర్పు భాగాలలో ఉన్నాయి. తీరం వెంబడి సముద్రపు మహువా వృక్షాలు, కొన్నిచోట్ల మడ అడవులు కనిపిస్తాయి. సమీపంలోని హెన్రీ లారెన్స్, జాన్ లారెన్స్, ఔట్రామ్ ద్వీపాల ప్రాంతం 1996లో ఏర్పడిన రాణీ ఝాన్సీ సముద్ర జాతీయ ఉద్యానవనంలో భాగం.

చరిత్ర, ప్రజలు

దేశ విభజన అనంతరం తూర్పు బెంగాల్ నుండి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం ఈ ద్వీపంలో పునరావాసం కల్పించింది. వారు అడవిని చదునుచేసి వరి, కొబ్బరి, కూరగాయలు పండించారు. గోవిందనగర్, విజయనగర్, శ్యామ్‌నగర్, కృష్ణనగర్, రాధానగర్ అనేవి ఇక్కడి ఐదు ముఖ్య గ్రామాలు. వీటిలో నాలుగింటి పేర్లు రాధాకృష్ణులను స్మరింపజేస్తాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీప జనాభా 6,351. అత్యధికుల మాతృభాష బెంగాలీ.

కేంద్రపాలిత ప్రాంతం మొత్తం మీద 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం ఉన్నారు. వీరిలో అనేకులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి చేపల వేటకు, కూలిపనులకు వలస వెళ్ళినవారు, వారి సంతతి.

పూర్వం కలప పరిశ్రమ ఈ దీవుల ముఖ్య జీవనాధారాలలో ఒకటి. దుంగలు లాగడానికి ప్రధాన భూభాగం నుండి ఏనుగులను ఓడలలో తెచ్చి, ఒక ద్వీపం నుండి మరొక ద్వీపానికి సముద్రంలో ఈదడం నేర్పారు. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వులతో అండమాన్ అడవులలో చెట్ల నరికివేతపై తీవ్రమైన నిషేధాలు వచ్చాయి. తరువాత ఈ ద్వీపంలో మిగిలిన రాజన్ అనే ఏనుగు సముద్రంలో ఈదే ఏనుగుగా ప్రపంచ ప్రసిద్ధి పొంది, 2016లో మరణించింది. కలప స్థానాన్ని పర్యాటకం ఆక్రమించింది. అందువలన ఒకప్పుడు అడవిపై ఆధారపడిన ద్వీపం ఇప్పుడు చాలావరకు పగడపు దిబ్బలపై ఆధారపడి ఉన్నది.

సముద్రతీరాలు

ఇక్కడి తీరాలకు పేర్లతో పాటు కొన్నిటికి సంఖ్యలు కూడా ఉన్నాయి.

రాధానగర్ తీరం (7వ నంబరు): ద్వీపానికి పశ్చిమ భాగంలో, రేవుకు సుమారు 12 కి.మీ. దూరంలో ఉంది. తీరం వెంట ఎత్తైన వృక్షాలు, విశాలమైన ఇసుక తిన్నెలు ఉన్నాయి. 2004లో టైమ్ పత్రిక దీనిని ఆసియాలో ఉత్తమ సముద్రతీరంగా పేర్కొన్నది. 2020లో పరిశుభ్రతకు, భద్రతకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది. అడుగున ఇసుకే ఉండటం వలన ఇది స్నానానికి, సూర్యాస్తమయ దర్శనానికి అనువైనది. పగడాలు చూడదలచినవారు ఇతర తీరాలకు వెళతారు.

ఎలిఫెంట్ బీచ్: వాయవ్య తీరంలో ఉంది. రేవు నుండి పడవలో సుమారు 20 నిమిషాల ప్రయాణం. అడవి గుండా కాలిబాట కూడా ఉన్నది కాని వర్షాకాలంలో బురదమయమవుతుంది. స్నార్కెలింగ్‌కు ముఖ్య కేంద్రం ఇదే. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీలలో ఇక్కడి తీరం దెబ్బతిన్నది. అప్పుడు కూలిన మహావృక్షాల మోడులు ఆ తరువాత ఎన్నో ఏళ్ళు తీరంలో కనబడ్డాయి.

గోవిందనగర్ (3వ నంబరు), విజయనగర్ (5వ నంబరు) తీరాలు: తూర్పు వైపున ఉన్నాయి. వసతిగృహాలు ఎక్కువగా ఇక్కడే ఉన్నాయి. పాటు సమయంలో నీరు చాలా దూరం వెనుకకు పోయి రాళ్ళు, పగడపు శిథిలాలు బయటపడతాయి. కనుక పోటు సమయంలోనే ఈత సాధ్యం.

కాలాపత్థర్ తీరం: తూర్పు తీరంలో మరింత దక్షిణాన ఉంది. నల్లని రాళ్ళ వలన ఈ పేరు వచ్చింది. సూర్యోదయానికి ప్రసిద్ధి.

స్నార్కెలింగ్

ముఖానికి గాజు మాస్కు తగిలించుకొని, నోటిలో వంపు గొట్టం పెట్టుకొని, నీటి ఉపరితలంపై బోర్లా తేలుతూ అడుగుభాగాన్ని చూడటాన్ని స్నార్కెలింగ్ అంటారు. స్కూబా డైవింగ్‌లో వలె గాలి సిలిండరు అవసరం లేదు. గొట్టం పైకొన నీటి వెలుపల ఉండటం చేత మామూలు గాలినే పీలుస్తారు.

గొట్టం పొడవు సాధారణంగా 35 నుండి 40 సెం.మీ. ఉంటుంది. గొట్టాన్ని పొడిగిస్తే మరింత లోతుకు పోవచ్చునని తోస్తుంది కాని అది సాధ్యం కాదు. లోతు పెరిగిన కొద్దీ నీటి పీడనం ఛాతీని నొక్కి ఊపిరి తీయనివ్వదు. అదీగాక విడిచిన గాలి పొడవైన గొట్టంలోనే నిలిచి తిరిగి ఊపిరితిత్తులలోకి వస్తుంది.

నీటిలో కళ్ళు తెరిస్తే అంతా మసకగా కనిపిస్తుంది. మాస్కు లోపలి గాలిపొర వలన కంటికి దృష్టి కుదురుతుంది. అయితే కాంతి వక్రీభవనం మూలంగా వస్తువులు అసలు దూరం కంటే నాలుగోవంతు దగ్గరగా, మూడోవంతు పెద్దవిగా కనబడతాయి. సూర్యకాంతిలోని ఎరుపు రంగును నీరు త్వరగా పీల్చుకుంటుంది. కనుక లోతుకు పోయిన కొద్దీ నీలి ఛాయ పెరుగుతుంది. లోతు తక్కువ దిబ్బలపై రంగులు స్పష్టంగా కనబడటానికి కారణం ఇదే.

ఎలిఫెంట్ బీచ్‌లో ఈత రానివారికి లైఫ్ జాకెట్ తొడిగి, రబ్బరు ట్యూబును పట్టుకోమని చెప్పి, గైడు దానిని లాక్కొని వెళతాడు. ఉదయం పూట గాలి తక్కువగా ఉండి నీరు తేటగా ఉంటుంది.

పగడపు దిబ్బలు

పగడాలు మొక్కలు కావు, రాళ్ళు కావు. అవి అతి చిన్న జీవుల సమూహాలు. సముద్రజలం నుండి సున్నాన్ని గ్రహించి అవి గట్టి గూళ్ళను నిర్మించుకుంటాయి. వాటి కణజాలంలో నివసించే సూక్ష్మ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి అధికభాగాన్ని పగడానికి అందిస్తాయి. కావున ఇటువంటి పగడాలు వెలుతురు సోకే, తేట అయిన, వెచ్చని ఉప్పునీటిలోనే వృద్ధి చెందుతాయి. గోదావరి, కృష్ణ మొదలైన నదుల ఒండ్రు, మంచినీరు కలిసే ఆంధ్ర తీరంలో ఇటువంటి విస్తారమైన దిబ్బలు లేకపోవడానికి ముఖ్య కారణం ఇదే. పెద్ద నదులు లేని అండమాన్ దీవులలో ఒండ్రు తక్కువ.

దిబ్బలపై చిలుకచేపలు, సీతాకోకచిలుక చేపలు, సముద్రపు పూలలో తలదాచుకునే విదూషక చేపలు, పెద్ద ఆలుచిప్పలు, సముద్ర తాబేళ్ళు కనిపిస్తాయి. చిలుకచేప పగడాన్ని కొరికి, పొడిచేసి విసర్జిస్తుంది. ఉష్ణమండల దీవుల తెల్లని ఇసుకలో కొంత ఇలా ఏర్పడినదే. సముద్రపు గడ్డి మేసే డ్యూగాంగ్ అనే క్షీరదం ఈ కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక జంతువు. రిచీ ద్వీపసమూహం పరిసరాలలో ఇది అరుదుగా కనిపిస్తుంది.

పగడాలకు ముప్పు

సముద్రజలం మామూలు వేసవి వేడిమి కంటే ఒక డిగ్రీ సెల్సియస్ అధికంగా కొన్ని వారాలపాటు ఉన్నచో పగడాలు తమలోని శైవలాలను బయటకు నెట్టివేస్తాయి. అప్పుడు రంగు కోల్పోయి తెల్లబారుతాయి. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటాయి, లేనిచో ఆకలితో మరణిస్తాయి. అండమాన్ సముద్రంలో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఈ విపత్తు సంభవించింది. వీటిలో 2010 వేసవిలో జరిగిన నష్టం చాలా తీవ్రమైనది.

మనుషుల వలన కలిగే హాని దీనికి తోడవుతున్నది. నీరు నడుము లోతున్న చోట అలసిన సందర్శకుడు నిలబడితే, అతని పాదాల కింద ఉండేది సజీవ పగడమే కావచ్చు. కొమ్మల పగడాలు ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతాయి. బండ వంటి పగడాల పెరుగుదల ఏడాదికి ఒక సెంటీమీటరు మాత్రమే. అనగా ఒక్క అడుగుతో విరిగిన దానిని పూడ్చుకోవడానికి ఏళ్ళు, ఒక్కొక్కప్పుడు దశాబ్దాలు పడుతుంది. పడవల లంగర్లు, వలలు, మురుగునీరు, కొన్ని రకాల సన్‌స్క్రీన్ లేపనాలలోని రసాయనాలు కూడా హానికరమైనవే. ఆక్సిబెంజోన్, ఆక్టినోక్సేట్ కలిగిన లేపనాల అమ్మకాన్ని అమెరికాలోని హవాయి రాష్ట్రం 2021 నుండి నిషేధించింది.

దిబ్బలను నిర్మించే పగడాలకు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) క్రింద అత్యున్నత రక్షణ ఉంది. ఒడ్డుకు కొట్టుకువచ్చిన చచ్చిన పగడపు ముక్కను జ్ఞాపికగా తీసుకుపోవడం కూడా నేరమే.

ప్రమాదాలు, జాగ్రత్తలు

అండమాన్ దీవుల మడ అడవులలో, వాగుల ముఖద్వారాలలో ఉప్పునీటి మొసళ్ళు నివసిస్తాయి. ఇవి సముద్రంలో కూడా ఈదగలవు. 2010 ఏప్రిల్‌లో రాధానగర్ తీరానికి సమీపంలో స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలో మరణించింది. ఇటువంటి సంఘటనలు అరుదు. అయినప్పటికీ హెచ్చరిక పలకలు ఉన్న చోట, వాగులు కలిసే చోట, సంధ్యా సమయంలో నీటిలో దిగరాదు.

సందర్శకులు పాటించవలసిన ఇతర జాగ్రత్తలు:

ఒంటరిగా నీటిలోకి వెళ్ళరాదు. మద్యం సేవించి దిగరాదు.
పగడాలపై నిలబడరాదు. అలసినచో వెల్లకిలా తేలి విశ్రాంతి తీసుకోవాలి.
దేనినీ చేతితో తాకరాదు. రాతిచేప, సింహపు చేపల ముళ్ళలో విషం ఉంటుంది. రాతిచేప అచ్చం రాయి వలె కనిపిస్తుంది.
చేపలకు రొట్టె, బిస్కెట్లు వేయరాదు.
వీపుపై నీరు చల్లగా తగులుతుండటం వలన ఎండ దెబ్బ తెలియదు. పొడుగు చేతుల దుస్తులు ధరిస్తే లేపనం అవసరం కూడా తగ్గుతుంది.
సాయంత్రం పూట తీరంలో ఇసుక ఈగలు కుడతాయి. కుట్టినచోట గోకితే పుండు పడుతుంది.

వాతావరణం, ప్రయాణ సౌకర్యాలు

ఉష్ణోగ్రత ఏడాది పొడవునా సుమారు 23 నుండి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి, తదుపరి ఈశాన్య ఋతుపవనాల వర్షాలు కురుస్తాయి. జనవరి నుండి ఏప్రిల్ వరకు సముద్రం ప్రశాంతంగా ఉంటుంది.

ద్వీపంలో పర్యాటకులకు విమానాశ్రయం లేదు. చెన్నై, కోల్‌కతా మొదలైన నగరాల నుండి విమానంలో శ్రీ విజయపురం చేరి, అక్కడి నుండి నౌకలో రావాలి. ప్రభుత్వ నౌకలకు రెండు నుండి రెండున్నర గంటలు, ప్రైవేటు వేగనౌకలకు సుమారు గంటన్నర పడుతుంది. లోగడ ఇంటర్నెట్ సౌకర్యం మిక్కిలి స్వల్పం. 2020 ఆగస్టులో ప్రారంభమైన చెన్నై - అండమాన్ సముద్రగర్భ కేబుల్ ఈ ద్వీపాన్ని కూడా కలుపుతుంది.

వాతావరణం ప్రతికూలిస్తే నౌకలు నిలిచిపోతాయి. 2016 డిసెంబరులో వాయుగుండం కారణంగా వెయ్యి మందికి పైగా పర్యాటకులు ఈ ద్వీపంలో, నీల్ ద్వీపంలో చిక్కుకొనగా నౌకాదళం, తీరరక్షక దళం వారిని తరలించాయి. అందువలన ద్వీపం నుండి తిరుగు ప్రయాణానికి, శ్రీ విజయపురంలో విమానం ఎక్కడానికి మధ్య కనీసం ఒక రోజు వ్యవధి ఉంచుకోవడం మంచిది.